దీపము ఎక్కడ పెట్టాలి?



కొండమీది ప్రసంగములోని రెండు బోధలు మమ్మును తరచు ఆలోచింపజేస్తాయి. దీపము అందరికీ కనబడాలి, ధర్మము మాత్రం రహస్యముగా జరగాలి. మరి మేలు చేసేవాడు చూపించుకోవాలా, దాచుకోవాలా?

మన మార్కండి, గోపాల్‌పూర్ తీరములో ఇది హోటళ్ళ ప్రశ్న కూడా. 1994లో డెన్మార్కులో పుట్టిన గ్రీన్ కీ వంటి పర్యావరణ ధ్రువపత్రాలు పెద్ద హోటళ్ళకు భారము కావు. పది గదుల లాడ్జివానికి రుసుము, తనిఖీ, నీటికీ కరెంటుకూ లెక్కల పుస్తకాలు అన్నీ బరువే. ఇంత చేసినా, దిగేవారు అడిగేది అద్దె ఎంతని. (మనమూ అంతే!)

అయినా పత్రాన్ని తేలికగా చూడలేము. తనిఖీ లేకుండా "మాది పచ్చని హోటలు" అని బోర్డు కట్టడం దొంగ తూకమే.

అయితే ఋషికుల్య నదీముఖాన గుడ్డులోంచి వచ్చిన ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు రాత్రి వెలుగున్న వైపే సముద్రమనుకొని పాకుతాయి. తీరాన దీపాలు వెలిగితే ఊరివైపు మళ్ళి, కుక్కల పాలో కాకుల పాలో అవుతాయి. అక్కడ దీపము ఆర్పడమే మేలు. దానికి రుసుము లేదు, మెచ్చుకొనేవారూ లేరు. డబ్బు లేక పత్రము తీసుకోని యజమానిని మేము తప్పుపట్టము, స్విచ్చి నొక్కనివానిని మాత్రం పడతాము. సెలవులకు ఊరు వెళ్ళి అక్కడ దిగినప్పుడు, సముద్రం వైపు దీపాలు రాత్రి ఆర్పుతారా అని మేనేజరుగారిని అడగండి.