వెనకబడినవాడి కోసం ఆగడం దయా, ధర్మమా?

అమెరికాలోని యూటా రాష్ట్రంలో, మోయాబ్ ఊరికి ఎగువన ఉన్న లా సాల్ పర్వతాల నుంచి కొలరాడో నది దాకా దిగే కొండ సైకిల్ బాట పేరు 'హోల్ ఎన్చిలాడా'. పైన బరో పాస్ దగ్గర ఎత్తు సుమారు 3,400 మీటర్లు, కింద నది దగ్గర సుమారు 1,200. మంచు కరిగి పైభాగం తెరుచుకునేసరికి జూన్ చివరో జూలైయో అవుతుంది. అప్పటికి కింద ఎడారి మండిపోతుంటుంది. పొద్దున చలిలో ఆస్పెన్ చెట్ల నీడన బయల్దేరిన జట్టు మధ్యాహ్నానికి పోర్క్యుపైన్ రిమ్ మీద, నీడా నీళ్లూ లేని ఇసుకరాతి మెట్ల మీద ఉంటుంది. ఇలాంటి చోట్ల మంచి జట్లు ఒక పద్ధతి పాటిస్తాయి. దారి చీలిన ప్రతిచోటా ముందువాళ్లు ఆగుతారు. అనుభవమున్న ఒకరు ఎవరినీ దాటకుండా అందరికంటే వెనక వస్తారు. ఈ ఆగడం దయ అయితే ఓపికున్నప్పుడు చూపి, లేనప్పుడు మానేయవచ్చు. ధర్మమైతే ఆ వెసులుబాటు లేదు. ఇది ధర్మమేనని నా వాదన.

వడదెబ్బలో ఒంట్లో వేడి 40 డిగ్రీలు దాటి మెదడు మీద దెబ్బ పడుతుంది. మాట తడబడుతుంది, హ్యాండిల్ చేతిలో నిలవదు, తేలికైన మలుపు కూడా తప్పుతుంది. దెబ్బ తగిలినవాణ్ణి అడిగితే మాత్రం 'బాగానే ఉన్నాను, పదండి' అనవచ్చు. అతను అబద్ధమాడటం లేదు. తన స్థితి తనకే తెలియడం లేదు. ప్రతి మనిషిలోనూ ఒక సాక్షి ఉన్నాడని చెప్పే వేదాంతమే, లోకవ్యవహారమంతా బుద్ధి ద్వారానే నడుస్తుందనీ చెబుతుంది. ఎండ ఆ బుద్ధినే పట్టుకున్నప్పుడు అతని బదులు చూడగలిగేవి పక్కవాళ్ల కళ్లే. జట్టుగా బయల్దేరడమంటే, ఎవరి బుద్ధి తప్పినా మిగతావాళ్లం కాపు కాస్తామని మాట ఇచ్చుకోవడమే. ఇచ్చిన మాట నిలబెట్టుకోవడాన్ని దయ అనం.

ఎవరి కర్మకు వారే బాధ్యులు కదా అనవచ్చు. సిద్ధపడకుండా వచ్చినవాడిది తప్పే. అయితే ఆ తప్పు గురించి అతనికి తర్వాత చెప్పాలి. వదిలేసి పోవడానికి అది కారణం కాదు. పైగా వడదెబ్బ బలహీనులకే పరిమితం కాదు, శక్తికి మించి తొక్కే బలవంతుడికీ తగులుతుంది. మహాప్రస్థానంలో ద్రౌపదీ తమ్ముళ్లూ ఒక్కొక్కరే కూలిపోతుంటే ధర్మరాజు ఆగకుండా నడవలేదా అన్నది ఇంకా బలమైన ప్రశ్న. వాళ్లందరూ దేహం విడవాలని సంకల్పించి బయల్దేరినవాళ్లు. ప్రాణాలతో ఇంటికి చేరాలనుకునే జట్టుకు ఆ నడక ప్రమాణం కాదు. అదే ధర్మరాజు వెంట వచ్చిన కుక్కను వదిలి స్వర్గానికి రానన్నాడు. నరకంలో తనవాళ్ల గొంతులు విని అక్కడే ఉండిపోతానన్నాడు.

ఆగితే అందరికీ ప్రమాదమే అన్న మాటలో నిజముంది. కానీ ఆగడమంటే ఎండలో నిలబడిపోవడం కాదు. వేగం తగ్గించడం, నీళ్లు పంచుకోవడం, ఇంకా తేరుకునే వీలున్నప్పుడే అందరూ కలిసి వెనుదిరగడం. పోర్క్యుపైన్ రిమ్ కంటే ముందే సాండ్ ఫ్లాట్స్ రోడ్డు తగులుతుంది. అక్కణ్ణించి ఊళ్లోకి దిగిపోవచ్చు. ఆ నిర్ణయం అక్కడే, అందరిలోకీ అలసిపోయినవాణ్ణి చూసి తీసుకోవాలి. ఆగడం ఇష్టం లేనివారు ఒంటరిగా తొక్కవచ్చు, అందులో ఏ దోషమూ లేదు. జట్టులో చేరి, పక్కవాడి నమ్మకం తీసుకుని, తీరా అతనికి అవసరమైన వేళ ముందుకు సాగిపోవడమే అధర్మం.