ఇంటి యజమానే వెళ్లి చెప్పాలి

వాక్యభాగం: లేవీయకాండము 14:33-48



లేవీయకాండము చదివేటప్పుడు ఈ భాగాన్ని మనలో చాలామంది త్వరగా దాటిపోతాం. కనాను దేశంలో స్థిరపడ్డాక ఒక ఇంటి గోడలో కుష్ఠుపొడ కనబడితే ఏమి చేయాలో దేవుడు మోషే అహరోనులకు చెప్పిన మాటలివి. ఇందులో మొదటి అడుగు ఎవరిదో గమనించండి. యాజకుడు ఇల్లిల్లూ తిరిగి వెదకడు. ఇంటి యజమానే వెళ్లి, నా ఇంట్లో పొడలాంటిది ఏదో కనబడుతోందని చెప్పాలి (35వ వచనం). అది కుష్ఠుపొడో కాదో తేల్చేది యాజకుడు. అనుమానం వచ్చినప్పుడే నోరు విప్పడం యజమాని బాధ్యత.

ఆ తర్వాత ఇల్లు ఏడు దినాలు మూసివేస్తారు. పొడ వ్యాపిస్తే ఆ రాళ్లు ఊడదీసి, గోడలు గీకించి, కొత్త రాళ్లు, కొత్త అడుసు పెడతారు. మళ్లీ వస్తే ఇల్లే పడగొట్టాలి. పొడ మీద సున్నం పూసి ఊరుకొమ్మని మాత్రం దేవుడు ఎక్కడా చెప్పలేదు.

ప్రియులారా, మన ఇళ్లకూ పొడలుంటాయి. అటక మీద లీకేజీ, బాత్రూం గోడ వెనుక బూజు, ఫౌండేషన్‌లో పగులు. అమ్మకానికి పెట్టే ముందు ఒక పూత రంగు వేస్తే అవేవీ కనబడవు.

2017 ఆగస్టులో హార్వీ తుఫాను హ్యూస్టన్‌ను ముంచెత్తినప్పుడు, నగరానికి పడమటనున్న ఆడిక్స్, బార్కర్ రిజర్వాయర్ల ఎగువన వేల ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. రిజర్వాయరు నిండితే మునిగే పరిధిలోనే ఆ ఇళ్లు కట్టారు. మన తెలుగు కుటుంబాలు ఎన్నో నివసించే కేటీ ఆ వైపే ఉంది. ఫోర్ట్ బెండ్ కౌంటీలో కొన్ని లేఅవుట్ మ్యాపుల మీద ఆ హెచ్చరిక రాసే ఉంది. కానీ ఇల్లు కొన్నవారిలో చాలామంది ఆ మ్యాపును ఎన్నడూ చూడలేదు. నిజం కాగితం మీద ఉంది, చెప్పినవారే లేరు. 2019 సెప్టెంబరు 1 నుంచి టెక్సస్‌లో అమ్మేవారు ఇచ్చే డిస్‌క్లోజర్ ఫారంలో వరదల గురించి ప్రశ్నలు పెంచారు. ఇంతకు ముందు నీళ్లు వచ్చాయా, రిజర్వాయరు ముంపు పరిధిలో ఉందా అని అది అడుగుతుంది.

చట్టం అడిగినందుకు చెప్పడం మంచిదే. అయితే విశ్వాసి అక్కడితో ఆగకూడదు.

మన సంఘాల్లో ఉద్యోగం చేసుకుంటూనే రియల్ ఎస్టేట్ లైసెన్సు తీసుకున్న సహోదరులు, సహోదరీలు ఉన్నారు. అది గౌరవమైన పని. కొత్తగా వచ్చిన కుటుంబానికి తల దాచుకునే చోటు చూపించడం సేవే. కానీ ఈ పనిలో ఒక శోధన ఉంది. క్లోజింగ్ జరిగితేనే కమీషన్ చేతికొస్తుంది. నెలల తరబడి తిరిగిన తర్వాత, ఒక్క నిజం చెబితే బేరం పోతుందనిపించినప్పుడు నోరు మూతపడుతుంది. "నేను అమ్మేవారి ఏజెంటును, కొనేవారి సంగతి నాకెందుకు?" అనిపిస్తుంది. మీ క్లయింటు ప్రయోజనం ముందు చూడమని టెక్సస్ నియమాలే చెబుతున్నాయి. ఆ నియమాలే అన్ని పక్షాలతోనూ నిజాయితీగా, న్యాయంగా ఉండమంటున్నాయి. ఈ దేశపు రియల్టర్ల జాతీయ సంఘం 1913లో నీతి నియమావళిని స్వీకరించింది. ఇతరులు మీకేమి చేయాలని కోరుతారో అదే వారికి చేయండని మత్తయి 7:12లో ప్రభువు చెప్పిన సూత్రాన్నే దాని ప్రవేశికలో ఆదర్శంగా నిలిపారు. లోకమే ఆ మాటను తన నియమంగా పెట్టుకుంటే, ఆయన శిష్యులమైన మనం ఇంకెంత జాగ్రత్తగా ఉండాలి!

మన మధ్య ఇంకొక ప్రమాదం కూడా ఉంది. "మన అన్నే కదా, మన సంఘమే కదా" అని కొనేవారు ఇన్‌స్పెక్షన్ కూడా మానేస్తారు. మీతో కలిసి ప్రభువు బల్లలో పాలుపొందినందుకే వారికి ఆ నమ్మకం. దాన్ని కమీషన్‌గా మార్చుకోవద్దు. "అన్నా, నా మాట మీద కాదు, ఇన్‌స్పెక్టర్‌ను పిలిపించుకోండి" అని మీరే చెప్పండి. అబ్రాహాము మక్పేలా గుహను ఊరి గవిని దగ్గర, అందరూ వింటుండగా, నాలుగు వందల తులాల వెండి తూచి ఇచ్చి కొన్నాడు (ఆదికాండము 23). సహోదరుల మధ్య బేరం కూడా అలా వెలుగులోనే జరగాలి.

ఇల్లు అమ్ముతున్నవారికి కూడా ఒక మాట. "ఆ లీకేజీ సంగతి చెప్పకండి" అని మీ ఏజెంటును అడగకండి. మీ పాపంలో అతన్ని భాగస్థుణ్ణి చేయకండి. మీరు వదిలివెళ్లే ఆ గదిలో రేపు ఇంకొకరి బిడ్డ నిద్రపోతుంది.

నిజం చెబితే నష్టమేనా? ఇంకో సంగతి చూడండి. యజమాని వచ్చి చెప్పాక, యాజకుడు లోపలికి రాకముందే ఇంట్లోని సామాను బయటికి తెమ్మంటాడు, అవి అపవిత్రం కాకుండా (36వ వచనం). ముందుగా చెప్పినవాని సొత్తును దేవుడు కాపాడుతున్నాడు. ధర పది వేల డాలర్లు తగ్గవచ్చు. కానీ ఆదివారం ఆరాధనలో ఆ కుటుంబం పక్కన మీరు తలెత్తుకుని కూర్చోగలరు.

మన ప్రధాన యాజకుడైన యేసు దగ్గరికి మనం వచ్చింది కూడా ఇలాగే కదా. నా ఇంట్లో పొడ ఉంది ప్రభువా అని చెప్పినవారిని ఆయన త్రోసివేయలేదు. అలా కడగబడినవారం, పొరుగువాని దగ్గర గోడకు రంగు పూసి దాచడం మనకు తగదు. ఈ వారం మీ చేతిలో లిస్టింగ్ ఉన్నా, సంతకం పెట్టవలసిన ఫారం ఉన్నా, మీకు తెలిసినది రాయండి, నోటితో కూడా చెప్పండి.

తండ్రీ, మా పెదవులను, మా బేరసారాలను పరిశుద్ధపరచుము. యేసు నామంలో అడుగుచున్నాము. ఆమేన్.