డిక్కీలో చప్పుడు

కారు వెనక ఏదైనా టకటకలాడితే మనం చేసే మొదటి వైద్యం పాట సౌండు పెంచడం. కొన్నాళ్లకు ఆ చప్పుడు మనకు వినబడటం మానేస్తుంది. ఊరినుంచి వచ్చిన చుట్టం ఎవరో వెనక సీట్లో కూర్చుని "ఏమిటండీ ఆ శబ్దం?" అంటే "ఏ శబ్దం?" అని ఎదురు అడుగుతాం. ఎలక్ట్రిక్ కారుకు మారినవాళ్లు ఇలాంటి చప్పుళ్ల గురించి ఎక్కువగా వాపోతారు. ఇంజను రొద కప్పిపెట్టేవన్నీ అక్కడ బయటపడతాయి మరి.

డిక్కీ తాళంలో ఉన్న సరంజామా కొంచెమే. మూతకు ఒక కొక్కెం, బాడీకి వంచిన ఇనప కడ్డీ. కొన్ని కార్లలో ఇవి తారుమారుగా ఉంటాయి. ఆ కడ్డీని మెకానిక్‌లు స్ట్రైకర్ అంటారు. మూత వేయగానే కొక్కెం తిరిగి కడ్డీని పట్టుకుంటుంది, లోపలి చిన్న మీట అది వెనక్కి పోకుండా ఆపుతుంది. మూలల్లో రబ్బరు బొడిపెలు, చుట్టూ రబ్బరు బీడింగు ఉంటాయి. కొక్కెం మూతను లోపలికి లాగుతుంటే రబ్బర్లు బయటికి నెడుతుంటాయి. ఈ లాగుడుకూ ఆ నెట్టుడుకూ మధ్య మూత కదలకుండా నిలుస్తుంది. మన ఎండలకు కొన్నేళ్లలో రబ్బరు గట్టిపడి అణిగిపోతుంది. అప్పుడు కొక్కేనికీ కడ్డీకీ నడుమ వెంట్రుకవాసి సందు పడుతుంది. గుంత వచ్చినప్పుడల్లా ఇనుముకు ఇనుము తగులుతుంది.

నన్ను ఆలోచనలో పడేసేది ఇక్కడే. చప్పుడు చేసేది తాళం, అరిగింది రబ్బరు. ఇంట్లోనూ గొంతు పెంచినవాడి మీదే నేరం పడుతుంది. ఇన్నాళ్లూ పక్కన ఉండి కుదుపులన్నీ మింగిన మనిషి ఎప్పుడు అలిసిపోయాడో ఎవరూ అడగరు. ఎందుకంటే ఆ మనిషి చప్పుడు చేయడు.

అందుకని స్పానరు పట్టేముందు చెవి పెట్టాలి. దానికీ ముందు డిక్కీ ఖాళీ చేయాలి. స్టెప్నీ, జాకీ, నీళ్ల సీసాలు, ఎవరికో తిరిగి ఇవ్వాల్సిన స్టీలు క్యారేజీ, ఎప్పటివో పాత చెప్పులు, అన్నీ దించాలి. చాలా కార్ల కథ ఇక్కడే కంచికి చేరుతుంది: జాకీ పట్టీ ఊడి ఉంటుంది, లేదా స్టెప్నీ బిగించే మర వదులై ఉంటుంది. నంబరు ప్లేటునూ ఒకసారి వేళ్లతో తట్టి చూడండి, అది కూడా దొంగే.

అప్పటికీ చప్పుడు పోకపోతే ఒకరు నడపాలి, ఇంకొకరు వెనక సీట్లో కూర్చుని వినాలి. డిక్కీలో దూరి వినడం, మూత తెరిచి నడపడం మాత్రం వద్దు. సైలెన్సర్ పొగ లోపలికి వస్తుంది, ప్రాణాంతకం. వినేటప్పుడు ఒక తేడా పట్టుకోవాలి. కిర్రుమంటే రెండు వస్తువులు రాసుకుంటున్నాయి, ఎక్కువగా అది రబ్బరు పని. టక్కుమంటే కొట్టుకుంటున్నాయి, అది తాళం వైపు చూడమని.

తాళమే అని అనుమానం వస్తే స్ట్రైకర్‌కు నల్ల ఇన్సులేషన్ టేపు ఒక చుట్టు చుట్టి, అదే వీధిలో అదే గుంత మీదుగా పోనివ్వండి. చప్పుడు ఆగితే జాగా దొరికినట్టే. ఒక్కోసారి ఒక్కటే మార్చాలి. ఒకే పూట టేపు చుట్టి, గ్రీజు పూసి, రబ్బరు మార్చేస్తే చప్పుడు పోవచ్చుగానీ దేనివల్ల పోయిందో తెలియదు. మళ్లీ వస్తే మళ్లీ మొదటికే. మనలో చాలామంది ఆరోగ్యాన్నీ సంసారాన్నీ ఇలాగే బాగుచేసుకుంటారు, అన్నీ ఒకే సోమవారం నుంచి.

బీడింగు మీద కాగితం ముక్క ఉంచి మూత వేసి లాగితే అది ఎక్కడ సులువుగా జారివస్తుందో అక్కడ పట్టు తగ్గినట్టు. చాలా కార్లలో మూల రబ్బర్లు స్క్రూలా తిరుగుతాయి. రెండు వైపులా సమంగా, కొంచెం కొంచెంగా బయటికి తిప్పితే సరిపోతుంది. స్ట్రైకర్‌ను జరపాల్సి వస్తే బోల్టు వదులు చేసేముందు పాత జాగా చుట్టూ పెన్నుతో గీత గీసుకోవాలి. బాగుచేసే ఉత్సాహంలో వెనక్కి వచ్చే దారి మరిచిపోతాం.

ఇక బిగువు సంగతి. చప్పుడు పోవాలని రబ్బర్లను మరీ ఎత్తితే మూత ధడేల్మని కొడితే తప్ప పడదు. రోజూ ఆ దెబ్బలకు తాళం పాడవుతుంది. అరచేత్తో నొక్కితే పడాలి, పడ్డాక కదలకూడదు. అంతకు మించి బిగించకండి. ఎవరైనా తాళం మొత్తం మార్చాలంటే, టేపు చుట్టి చూశారా అని ముందు అడగండి.