అప్పును ధర్మమును

స్పానిషు భాషలో 'దెబేర్' అను క్రియ నిత్యవ్యవహారములోనిది. దుకాణదారునకు పది యూరోలు బాకీపడినవాడు 'దెబో' అనును. జబ్బుపడిన తల్లిని చూడబోవలసినవాడును 'దెబో' అనియే అనును. అప్పుపడియుండుట, చేయవలసియుండుట, ఈ రెండింటికిని అచ్చట నొక్కటే మాట. స్పెయినుదేశపు బడిపిల్లలు ఇంటివద్ద చేయవలసిన పాఠములను గూడ 'దెబేరెస్' అనియే పిలుతురు. ఈ క్రియకు మూలమైన లాటిను పదమునందు 'ఒకరినుండి పుచ్చుకొని యుంచుకొనుట' యను భావము కలదు. ఇంగ్లీషులో కర్తవ్యమును తెలుపు 'ఆట్' అను మాటయు, అప్పుపడుటను తెలుపు 'ఓ' అను క్రియకు ప్రాచీనమైన భూతకాలరూపమే. జర్మను భాషలో అప్పునకును అపరాధమునకును ఒకే పదము చెల్లుచున్నది. నీషే పండితుడు 1887లో ప్రకటించిన నీతివిచారగ్రంథమునందు దీనిని ముఖ్యాధారముగా గైకొనెను.

ఇన్ని జాతులు ధర్మమును అప్పుతో పోల్చుట కాకతాళీయము కాదు. మనుజుడు పుట్టుచునే యితరుల సొమ్మునుభవించుచున్నాడు. పాలు, మాట, విద్య, ఏదియు తాను సంపాదించినది కాదు. తైత్తిరీయసంహిత బ్రాహ్మణుడు మూడు ఋణములతో పుట్టుచున్నాడని చెప్పుటలోని యాంతర్యమిదియే. ఈ భావము అహంకారమును అణచును.

కాని దీనియందొక యపాయమును కలదు. అప్పు అన్నచో లెక్క యుండును. లెక్క యున్నచోట వసూలుచేయువా డుండును. మెక్సికోలోని పెద్దభూస్వాముల క్షేత్రములలో కూలివాండ్రు యజమాని దుకాణమున అప్పుపడి, అది తీరక, కొడుకులకు విడిచి మరణించుచుండిరి. అచ్చటి 1917వ సంవత్సరపు రాజ్యాంగము, 123వ అధికరణమున, పనివాని యప్పునకు వాడే బాధ్యుడనియు, కుటుంబమువారి నడుగరాదనియు, ఒక నెల జీతమునకు మించి రాబట్టరాదనియు శాసింపవలసివచ్చెను. మనదేశమునను అప్పుక్రింద మనుషులను కట్టివేయు వెట్టిని 1976వ సంవత్సరపు చట్టము రద్దుచేసినది.

పొలములో పోయినది ఇంటిలో పోయినదా? 'నిన్ను పెంచితిని, చదివించితిని' అని కొడుకునకు లెక్క చెప్పు తండ్రులు నేటికిని కలరు. ఆ లెక్కను కోడలి పుట్టింటివారినుండి కట్నముగా రాబట్టువారును కలరు. 1961వ సంవత్సరపు చట్టము దానిని నిషేధించినను వారి మనస్సులోని ఖాతా మూతపడలేదు. అప్పు పుచ్చుకొన్నవా డొకడు, తీర్చువా రింకొకరు! ఏ వడ్డీవ్యాపారియు ఇంత తెగింపు చూపడు.

పెద్దలు చెప్పిన ఋణము ఈ విధమైనది కాదు. పితౄణము సంతానముచేత తీరునన్నారు. అనగా తండ్రివలన పొందినది తండ్రికి మరల చెల్లింపబడుట లేదు. రాబోవు శిశువునకు చేరుచున్నది. ఋషుల ఋణము బ్రహ్మచర్యముచేత తీరునన్నారు. చదువుకొనుటయే దానికి చెల్లింపు. ఇచ్చినవాడు పత్రము చేతబట్టుకొని వాకిట నిలువడు.

అట్లయిన ముసలితల్లిదండ్రులకు ఏమియు చేయనక్కరలేదా? అట్లు కాదు. మన తెలుగు 'వలయును' అను మాటను చూడుడు. 'చేయవలయును' అన్నపుడు విధి. 'నాకు వలయును' అన్నపుడు కోరిక. వలచుటయు వలపును దీని చుట్టములే. వలపులేని విధి వెట్టి యగును. కాని వలపు ఒక్కటియే చాలునని యనలేము. అర్ధరాత్రమున రోగికి మందు పట్టవలసిన వేళ కోరిక నిద్రించును. అపుడు మేలుకొలుపునది ఋణభావమే. కావున రెండును కావలెను.

అయినను ఆ మాటను పలుకుట కెవరికి హక్కు కలదు? స్పానిషువారి వ్యాకరణమున 'దెబో' ఉత్తమపురుష, 'దెబెస్' మధ్యమపురుష. 'నేను ఋణపడితిని' అని కొడుకు తనంతట అనుకొన్న నది కృతజ్ఞత. 'నీవు ఋణపడితివి' అని తండ్రి యన్న నది వ్యాపారము. ఈ క్రియను గృహమునందు ఉత్తమపురుషమున మాత్రమే వాడుకొనుట మేలని మా యభిప్రాయము.