తాళంచెవి ఎవరి చేతిలో?

ఒక బస్తీలో కళాసంస్థ పెట్టే హక్కు ఎవరిది? అక్కడ పుట్టినవాళ్లదే అంటారు కొందరు. కళకు గోడలేమిటని విసుక్కుంటారు ఇంకొందరు. రెండు జవాబులూ చాలవు. అమెరికాలో తూర్పు లాస్ ఏంజిలిస్‌ను చూద్దాం.

మెక్సికో మూలాలున్న శ్రామికుల ప్రాంతమది. సర్కారు లెక్కల్లో వాళ్లు 'హిస్పానిక్'లు. అప్పటి యువతరం మాత్రం, ఒకప్పుడు వెక్కిరింపుగా వాడిన 'చికానో' అన్న మాటనే తలకెత్తుకుంది. 'తురకోడా' అన్న పిలుపు వింటూ పెరిగినవాళ్లకు ఇది విడమర్చి చెప్పక్కర్లేదు.

1970 ఆగస్టు 29న వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా వాళ్లు వేలాదిగా కదిలితే పోలీసులు విరుచుకుపడ్డారు. ఆ రోజే బాష్పవాయు గుండు తగిలి రూబెన్ సలజార్ అనే జర్నలిస్టు చనిపోయాడు. ఆ ఏడాదే కారెన్ బొకలేరో అనే క్రైస్తవ సన్యాసిని, కార్లోస్ బ్వేనో, ఆంటోనియో ఇబాన్యెజ్ వంటి కళాకారులతో కలిసి ఓ గ్యారేజీలో అచ్చుపని మొదలుపెట్టింది. 'సెల్ఫ్ హెల్ప్ గ్రాఫిక్స్' అలా పుట్టింది.

ఆమె మెక్సికన్ కాదు, ఇటలీ మూలాల మనిషి. మరి ఆమె ఆ బస్తీకి కళ నేర్పిందా? లేదు. కళ అక్కడ ఉంది. లేనిది పనిముట్టు. మన శుభలేఖలు అచ్చేసే స్క్రీన్ ప్రింటింగే వాళ్ల చేతికొచ్చింది. ఒక బొమ్మ ఒక్క ధనికుడి గోడకే పోకుండా పదిమందికీ చేరే పద్ధతి అది. 1975లో వ్యానులో రంగులూ పరికరాలూ వేసుకుని వీధుల్లోకే వెళ్లారు. మెక్సికోలో చనిపోయినవాళ్లను తలచుకునే పండుగను బంతిపూలతో, ఊరేగింపుతో బహిరంగ వేడుక చేశారు. షబే బరాత్ రాత్రి ఖబరస్తాన్‌లో దీపాలు పెట్టేవాళ్లకు అందులో వింతేముంది?

సాయం చేసేవాడు ఏం ఇస్తున్నాడన్నది కాదు, ఏది తన చేతిలోనే ఉంచుకుంటున్నాడన్నదే అసలు ప్రశ్న. మాట ఇచ్చి మైకు దగ్గర పెట్టుకునే ఉదారవాదులను మనం తక్కువ చూశామా?

అయితే పనిముట్టు చేతికొస్తే చాలదు. కాళ్లకింద నేల కూడా ఉండాలి. దాదాపు ముప్పయ్యేళ్లు తలదాచుకున్న భవనాన్ని దాని యజమాని అయిన చర్చి 2008లో అమ్మేసింది. 2011లో సంస్థ పక్కనే ఉన్న బాయిల్ హైట్స్‌కు మారింది. 2018లో అక్కడి భవనాన్ని సొంతం చేసుకుంది.

కథ సుఖాంతమనుకోవద్దు. 2016 నాటికే ఆ పేటలో గ్యాలరీలు పెరిగాయి. గ్యాలరీల వెనకే అద్దెలు పెరిగి తమను వెళ్లగొడతాయని జనం వాటి ముందు నిరసనకు దిగారు. తమ సొంతదైన ఈ సంస్థనూ నిలదీశారు. కొందరు దాన్ని కృతఘ్నత అన్నారు. నేనలా అనలేను. గోడమీద బొమ్మ అందంగా ఉన్నందుకే ఆ గోడ వెనక కాపురం ఖరీదైపోతే, ఆ అందానికి మూల్యం చెల్లించేది కిరాయిదారే. తన పైకప్పు భద్రమైన సంస్థ, పైకప్పు ఊడుతున్నవాళ్ల పక్షాన నిలబడుతుందా?

బస్తీ పేరు మీద బతికే ప్రతి సంస్థా దీనికి జవాబు చెప్పాలి. అడిగే హక్కు బస్తీదే. ఎవరు స్థాపించారన్నది ఆ తర్వాతి సంగతి.