మతం గడి

నేను బడిపంతుల్ని. ఏటా జూన్ నెలలో నా ముందర అడ్మిషన్ రిజిస్టర్ ఉంటుంది. పేరు, తండ్రి పేరు, పుట్టిన తేది, మతం, కులం అని వరుసగా గడులు. 2013 నుంచి ఇప్పటిదాకా కొన్ని వందల గడులు నింపింటాను. మొన్న నా సొంత బిడ్డకు కుల ధ్రువపత్రం కోసం దరఖాస్తు నింపాల్సి వచ్చింది. ఐదో తరగతి చదువుతోంది. ఎమ్మిగనూరు పక్కన బనవాసిలో ఉన్న నవోదయకు పరీక్ష రాస్తానంటోంది. కులం గడిలో మాదిగ అని రాసినాను. దాంట్లో నాకు తడబాటు లేదు. మతం గడి కాడికి వచ్చేసరికి పక్కన కూర్చున్న బిడ్డ అడిగింది.

"నాన్నా, మనం హిందువులమా?"

"యాలమ్మా అట్ల అడుగుతావు?"

"అవ్వ ఏసయ్యకు మొక్కుతాది. అమ్మ ఉరుకుంద ఈరన్నకు పోతాది. నువ్వు ఎవరికీ మొక్కవు. మరి ఏం రాస్తావు?"

ఇన్నేళ్ళుగా పిల్లలకు నిజం చెప్పాలి, నిజమే చెప్పాలి అని పాఠం చెప్పినవాణ్ని. నా బిడ్డకు జవాబు చెప్పలేకపోయినాను. పెన్నుకు మూత పెట్టి, రేపు రాద్దాంలే అన్నాను.

ఆదోనికీ ఎమ్మిగనూరుకూ నడుమ మాది చిన్న ఊరు. ఈ తావంతా 1953 దాకా బళ్ళారి జిల్లా. అందుకే మా మాటలో కన్నడం కలిసుంటుంది. వీధిని గేరి అంటాము. రాష్ట్రం మారింది, జిల్లా మారింది, మాదిగ గేరి మాత్రం ఊరి చివరనుంచి జరగలేదు.

మా నాయిన తప్పెట కొడుతుండె. మారెమ్మ జాతరకు కొట్టినాడు, పీర్ల పండగకు కొట్టినాడు, ఊర్లో ఎవరు చచ్చినా కొట్టినాడు. ఏ దేవునికి కొట్టినా గుడి బయట నిలబడే కొట్టినాడు. అట్లాంటి మనిషి మతం ఏది? కాగితాల్లో హిందూ అని ఉంది. ఆయన్ను అడిగి రాసినవాళ్ళు ఎవరూ లేరు.

మా అమ్మ ఏసయ్యను నమ్మింది గుంటూరు మిరప చేన్లలో. మా పడమటి కర్నూలులో వాన ఒక ఏడు వస్తే ఒక ఏడు రాదు. తుంగభద్ర దిగువ కాలువ ఉందంటే ఉంది, దాని నీళ్ళు మా గేరి వాళ్ళ చెక్కలకు ఎక్కవు. దీపావళి దాటిందంటే మూటా ముల్లె కట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని గుంటూరు దిక్కు పోయేదే. పత్తి తీయను, మిరపకాయలు కోయను. దీన్ని సుగ్గి అంటాము. కన్నడంలో సుగ్గి అంటే పంటల కాలం, సంబరం. మేము పోయేదీ సుగ్గికే, కానీ ఆ పంట ఇంకొకరిది.

ఒక సుగ్గిలో నా చెల్లెలికి జ్వరం వచ్చింది. రెండేళ్ళ పిల్ల. చేనుగల ఆసామి రేపు చూద్దామన్నాడు. ఆ ఊరి పల్లెలోని ఒక క్రైస్తవ ఆమె, ఎవరో మాకు తెలీదు, గుడ్డ తడిపి నుదుట వేస్తా రాత్రంతా గుడారంలో కూచునింది. తెల్లారేసరికి చెల్లెలు పోయింది. అందరూ అనుకునేది, ప్రార్థనతో బిడ్డ బతికితే మతం మారినారని. నా చెల్లెలు బతకలేదు. అయినా అమ్మ నమ్మింది. ఎందుకని పెద్దయినాక అడిగితే ఒకటే చెప్పింది: "పరాయి ఊర్లో మనకు ఎవరుండ్రి రా? ఆమె వచ్చి కూచునింది. ఆమెను పంపినోడు ఎవడో, వాడే నా దేవుడు."

ఇట్లాంటి నమ్మకాన్ని పట్టుకుని పాలపిండికి, గోధుమ రవ్వకు మారినారని అనేవాళ్ళను చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. నాకు దేవుడు లేడు. అయినా మండుతుంది.

చర్చిలో ఆమె మరియమ్మ. రేషన్ కార్డులో మారెమ్మ. రాసినోనికి ఆ రెండు పేర్లకూ తేడా తెలిసిందో లేదో. మాకు మాత్రం ఆ తేడా మీదనే బతుకు నడిచింది.

ఎందుకంటే 1950 ఆగస్టు 10న వచ్చిన రాష్ట్రపతి ఉత్తర్వు, హిందువు కానివాడు షెడ్యూల్డు కులస్థుడు కాడని చెప్పింది. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని కలిపినారు. క్రైస్తవుల్ని, ముస్లిముల్ని కలపలేదు. మన రాష్ట్రంలో ఏసును నమ్మిన మాదిగ బీసీ-సి అవుతాడు, ఆ గ్రూపుకు ఉండేది ఒక్క శాతం. మద్రాసులో రోడ్డు పక్కన చెప్పులు కుట్టే సూసై అనే మనిషి ఉండె. ప్రభుత్వం చెప్పులు కుట్టేవాళ్ళకు ఉచితంగా బంకులు ఇచ్చింది. అతను క్రైస్తవుడని ఇయ్యలేదు. సుప్రీంకోర్టు దాకా పోయినాడు. మతం మారినాక కూడా కులం బాధ అంతే ఉన్నట్లు రుజువు చూపలేదని 1985 సెప్టెంబరులో కోర్టు కొట్టేసింది. అదే సంవత్సరం జూలైలో కారంచేడు జరిగింది. అంతకన్నా ఏం రుజువు కావాలో నాకు అర్థం కాదు. కూర్చున్న చోటు, పట్టుకున్న ఆరె, కుట్టే తోలు అన్నీ అవే. మొక్కే దేవుడు ఒకడు మారినాడు.

నా ఉద్యోగం సంగతి చెప్తాను. ఇది ఇంతవరకు నా భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఉద్యోగంలో చేరకముందు కులం విచారణకు ఇంటికి మనిషి వస్తాడని కబురొచ్చింది. ముందురోజు రాత్రి గోడ మీది ఏసు క్యాలెండర్ నేనే పీకినాను. చుట్టి జొన్నల గోనెలో దోపినాను. మేకుకు ఉన్న చిన్న శిలువను దూలం సందులో పెట్టినాను. గోడ మీద క్యాలెండర్ ఉన్న చోటు తెల్లగా కనపడుతుంటే, దాని మీద నాయిన ఫోటో తగిలించినాను. అమ్మ గడప కాడ నిలబడి అంతా చూసింది. ఒక్క మాట అనలేదు. పడుకునే ముందు రోజూ చేసినట్లే ప్రార్థన చేసి, మా అక్క పిల్లలకు పేతురు కథ చెప్పింది. ఆ మనిషి ఎవరో నాకు తెలీదని కోడి కూసేలోపల మూడుసార్లు బొంకిన పేతురు. నా దిక్కు చూసి చెప్పలేదు. నాకు నిద్ర పట్టలేదు.

నేను బాప్తిస్మం తీసుకోలేదు. హాస్టల్లో ఉన్నప్పుడు అంబేద్కర్‌ను చదివినాను. ఆయన 1935లో హిందువుగా చావనని చెప్పి, 1956 అక్టోబరులో నాగపూర్‌లో మాట నిలుపుకున్నాడు. నేను ఆ పని కూడా చేయలేదు. చట్టం లెక్కన నా కాగితం తప్పు కాకపోవచ్చు. కానీ నా ఇంట్లోని మా అమ్మను గోనెలో దాచిపెట్టి తెచ్చుకున్న కాగితం అది.

ఆ తప్పు కడుక్కోవాలనుకున్నానేమో, ఉద్యోగంలో చేరిన మొదటి జూన్‌లో ఇంకో పని చేసినాను. ఒక తల్లి ఆడపిల్లను ఒకటో తరగతిలో చేర్పించను వచ్చింది. మా మాదిగామెనే. మతం ఏమ్మా అంటే, "ఏసయ్య సారూ" అని నవ్వుతూ చెప్పింది. నేను క్రైస్తవ అని గుండ్రటి అక్షరాలతో రాసినాను. నిజం రాసినానని ఆ రోజు ఛాతీ పొంగింది. నా ఇంట్లో దాచిన నిజాన్ని వేరేవాళ్ళ బిడ్డ గడిలో రాసినానని అప్పుడు తోచలేదు.

ఆ పిల్ల 2023లో పది పాసయింది. మంచి మార్కులు. ఇంటర్‌కు గురుకులంలో సీటు వచ్చేదుండె. కుల పత్రానికి బడి రికార్డు తీసినారు. క్రైస్తవ అని ఉంది కాబట్టి బీసీ-సి అన్నారు. సీటు పోయింది. ఆ ఏడు కార్తీకంలో ఆ పిల్ల వాళ్ళమ్మతో సుగ్గికి పోయింది. నేను చదువు చెప్పిన చేతులు మిరపకాయలు కోసినాయి. మరుసటి ఏడు ఎట్లనో వేరే కాలేజీలో చేర్పించినాము, ఒక ఏడు మాత్రం పోయింది. వాళ్ళమ్మ బడికి వచ్చి నన్ను తిట్టలేదు. "నేను చెప్పిందే రాసినావు సారూ, నీ తప్పేముంది. కానీ నువ్వు చదువుకున్నోనివి. అట్ల రాస్తే ఇట్లవుతాదని నాకు ఒక మాట చెప్పాల్సింది" అనింది.

అప్పటినుంచి నన్ను ఒక ప్రశ్న తింటోంది. నిజం చెప్పడం మంచిదని మనం నేర్పే పాఠంలో, నిజానికి అయ్యే ఖర్చు ఎవరు కడతారనేది యాడా లేదు. రెడ్లలో క్రైస్తవులున్నారు. వాళ్ళు చర్చికి పోయినా రెడ్లే, పోకపోయినా రెడ్లే. వాళ్ళ పిల్లల గడిలో నిజం ఊరకనే వస్తుంది. మా పిల్లల గడిలో నిజం రాస్తే సీటు పోతుంది, ఎవడన్నా కులం పేరుతో కొడితే కేసు కూడా నిలబడదు. 2025లో మన హైకోర్టు ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసులో, మతం మారినోనికి ఆ చట్టం వర్తించదనే చెప్పింది. కొట్టేవాడు మాత్రం మతం అడిగి కొట్టడు.

పోనీ చర్చిలో కులం పోయిందా అంటే, అదీ లేదు. మా వైపు మాలలు ఒక చర్చి, మాదిగలు ఒక చర్చి. ఈ మాట రాస్తే మా పాస్టరు అయ్యగారికి కోపం వస్తుంది. రానీ.

2024 నవంబరు 26న, రాజ్యాంగ దినోత్సవమని పొద్దున బడిలో పిల్లలతో పీఠిక చదివించినాను. విశ్వాసానికీ ఆరాధనకూ స్వేచ్ఛ ఉందని ముప్పై గొంతులు ఒక్కసారి చదివినాయి. అదే రోజు సుప్రీంకోర్టు ఒక పుదుచ్చేరి మహిళ కేసులో తీర్పు చెప్పింది. చర్చికి పోతూ రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసం చేయడమేనని. మరుసటి రోజు పేపర్లో ఆ వార్త చూసి కాసేపు క్లాసులోకి పోలేకపోయినాను. మోసం అన్నారు సరే. నమ్మినదాన్ని బయటికి చెప్తే కూడు తీసేస్తామని ముందుగా బెదిరించింది ఎవరు?

ఒక అంబేద్కరిస్టు మిత్రుడు బౌద్ధం తీసుకోమంటాడు. నిజాయితీ గల మనిషి. బుద్ధుడంటే నాకూ గౌరవమే. కానీ కాగితం పోకుండా ఉండే మతం ఏదని వెతుక్కుని చేరితే అది మతం మారడమా, బదిలీల కౌన్సెలింగ్‌లో ఆప్షన్ పెట్టుకోవడమా?

దండోరాలో తిరిగిన ఇంకో మిత్రుడు వేరే మాట అంటాడు. 1994 నుంచి ముప్పై ఏళ్ళు కొట్లాడితే 2024 ఆగస్టులో సుప్రీంకోర్టు వర్గీకరణకు దారి ఇచ్చింది, 2025లో మన గ్రూపుకు ఆరున్నర శాతం వచ్చింది, ఇప్పుడు క్రైస్తవుల్ని కూడా కలుపుకుంటే వాటా ఏం మిగులుతుందని. అతని భయం నాకు అర్థమవుతుంది. తిని తీరని ఆకలి అది. కానీ వాళ్ళమ్మ కూడా ఆదివారం మా అమ్మ పక్కనే చాప మీద కూచుంటుంది. 2007లో రంగనాథ్ మిశ్రా కమిషన్ ఎస్సీ హోదాకూ మతానికీ లంకె తెంచమని చెప్పింది. 2023 మార్చిలో మన అసెంబ్లీ దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని తీర్మానం చేసింది. కమిషన్లు, తీర్మానాలు ఎన్ని వచ్చినా మా అమ్మలు మాత్రం రెండు పేర్లతోనే బతుకుతున్నారు.

మొన్న ఆదివారం దరఖాస్తు తీసుకుని, బిడ్డను వెంటబెట్టుకుని ఊరికి పోయినాను. అమ్మ చర్చి నుంచి వచ్చి జొన్నరొట్టెలు తడుతోంది. బిడ్డ ముందరే సంగతంతా చెప్పినాను. 1950 ఉత్తర్వు, మిరప చేనికి పోయిన పిల్ల, అన్నీ. క్యాలెండర్ సంగతి కూడా చెప్పినాను. బిడ్డ నన్ను కొత్త మనిషిని చూసినట్లు చూసింది. చూడనీ అనుకున్నాను. తండ్రి భయపడిన సంగతి బిడ్డకు తెలియాల్సిందే.

అమ్మ రొట్టె తిప్పి, చేతికంటిన పిండి దులుపుకునింది.

"ఏమని రాస్తావు?"

"హిందూ అనే రాయాల్సొస్తాదిమా."

"రాయి. ఆ పిల్ల చదువు పోగొట్టద్దు." కాసేపాగి గోడ దిక్కు చూసింది. "ఈసారి ఎవడు వచ్చినా క్యాలెండర్ మాత్రం తీయద్దు."

బిడ్డ లేచిపోయి ఆ క్యాలెండర్ కింద కూచుని, గడి నింపమని దరఖాస్తు నా ముందరికి జరిపింది.