బాగుచేయుట అనగానేమి?

పాడైన దానిని బాగుచేయవలెనని మనము తరచుగా చెప్పుచుందుము. గడియారము ఆగిన బాగుచేయింతుము. ఇంటి కప్పు కారిన బాగుచేయింతుము. బిడ్డ దారి తప్పినయెడల వానినిగూడ బాగుచేయవలెనందుము. ఒకే మాటను వస్తువులకును మనుష్యులకును వాడుచున్నాము గాని, ఆ మాటకు అర్థమేమని నిలిచి ఆలోచించుట అరుదు. మొదట నున్నట్లు చేయుటయా? మనకు నచ్చినట్లు చేయుటయా? లేక ఈ రెండును గాక మరియొకటి యున్నదా? అనేక సంవత్సరములు వేదాంతము బోధించి, అనువాదములు చేసిన నాకు ఈ ప్రశ్న గ్రంథాలయములో ఎదురుకాలేదు. ఒక పశువుల పాకలో, చేతులకు గ్రీజు అంటియుండగా ఎదురైనది.

మా యిల్లు బస్తరు ప్రాంతములోని తోంగ్‌పాల్‌లో నున్నది. జగదల్‌పూరునుండి దర్భా, ఝీరం ఘాటు దాటి, సుక్మామీదుగా కుంటకు దిగు రహదారిపై నున్న ఊరిది. కుంట దాటినయెడల తెలుగు నేలయే. నేడిది ఛత్తీస్‌గఢ్‌లోని సుక్మా జిల్లా. మా నాయనగారు ఖమ్మమువైపునుండి బ్రదుకుతెరువు వెదకుకొనుచు వచ్చిన నాటికి మధ్యప్రదేశ్‌లోని బస్తరు జిల్లా. చుట్టును ధుర్వా ప్రజలు. వారి పర్జీ భాష మన తెలుగునకు దూరపు చుట్టము. నాయనగారు కలప డిపోలో గుమాస్తాగా పనిచేయుచు, 1974లో ఒక పాత బుల్లెట్ మోటారు సైకిలును కొనిరి. అది 1967లో తయారైన 350 సి.సి. బండి. 1998లో వారు ప్రభువునందు నిద్రించిన తరువాత అది పాకలో గోనెసంచుల చాటున నిలిచిపోయెను. 2023 వేసవిలో నేను ఇంటికి పోయినప్పుడు, అక్కడనే కాపురమున్న మా అన్నగారి కుమారుడు దానిని వెలికి తీసి, "బాబాయిగారూ, దీనిని మనమే ఇంట్లో బాగుచేద్దామా?" అని అడిగెను. సరే యంటిని.

ఈ పనిలో మొదటి పాఠము ఓర్పు. ఇరువదియైదేండ్ల తేమకు పిస్టన్ సిలిండరులో పట్టుకొనిపోయెను. కిక్కుపై ఎంత బలముగా త్రొక్కినను కదలలేదు. బలవంతము చేసినయెడల లోపల ఏదో యొకటి విరుగును. ప్లగ్గు తీసి, ఆ రంధ్రములో కిరసనాయిలును ఇంజను ఆయిలును కలిపి పోసి, దినదినమును కొంచెముగా కదిలించి చూచితిమి. తొమ్మిదవ దినమున అది వెండ్రుకవాసి కదిలెను. ట్యాంకులోని తుప్పు రాలుటకు చిన్న నట్లును కిరసనాయిలును పోసి, మూతవేసి, గంటలకొలది ఊపితిమి. విప్పిన ప్రతి భాగమును పాత దుప్పటిపై వరుసగా పేర్చి, చీటీలు కట్టితిమి.

సిలిండరును జగదల్‌పూరులోని లేతు దుకాణమునకు తీసికొనిపోయినప్పుడు ఒక సంగతి గ్రహించితిని. ఈ ఇంజను బోరు మొదట 70 మిల్లీమీటర్లు. గీతలు పడిన లోపలి గోడను నునుపు చేయుటకు మరికొంత లోహమును కోయవలెను. అప్పుడు దానికి తగినట్లు కొంచెము పెద్ద పిస్టన్ వేయవలెను. క్రొత్త లైనరు వేసి మొదటి కొలతకు తేవచ్చును గాని, అప్పుడది పాత గోడ కాదు. అనగా బాగుచేయుటలోనే కొంత పోగొట్టుకొనుట యున్నది.

ఈ పాఠము పూర్తిగా నేర్వకముందే నేనొక తప్పు చేసితిని. ట్యాంకుమీద నున్నదంతయు మట్టియు తుప్పుననుకొని గరుకు కాగితముతో రుద్దితిని. క్రింద సన్నని బంగారు గీత కనబడెను. కనబడుచుండగానే నా చేతిక్రింద చెరిగిపోయెను. ఆ గీతలు యంత్రము వేసినవి కావు. మద్రాసు చెంతనున్న తిరువొత్తియూరు కర్మాగారములో పనివారు కుంచె పట్టి చేతితో గీసినవి. పేరు తెలియని ఒక మనుష్యుని చేతిపని అర్ధ శతాబ్దము నిలిచి, నా ఉత్సాహమువలన అర నిమిషములో పోయెను. తుప్పునకును గీతకును భేదమెరుగని ఉత్సాహము కుటుంబములలోను సంఘములలోను ఎంత నష్టము చేయునో చదువరులకు చెప్పనక్కరలేదు.

భాగములన్నియు విప్పిన తరువాత మా ఇద్దరికిని అభిప్రాయభేదము పుట్టెను. కర్మాగారమునుండి వెలువడిన దినమున ఎట్లుండెనో అట్లే చేయవలెనని నా కోరిక. వెనుక చాసీసు కోసి, సీటు దించి, లావుపాటి టైర్లు వేసి, నేటి యువకులు మెచ్చునట్లు మార్చవలెనని అతని కోరిక. నేను చట్టమును ఆశ్రయించితిని. తయారీదారుడిచ్చిన మూల వివరములకు భిన్నముగా బండిని మార్చరాదని 1988నాటి మోటారు వాహనముల చట్టములోని 52వ సెక్షను చెప్పుచున్నది. 2019లో సుప్రీం కోర్టు ఈ నియమమునే స్థిరపరచెను. చాసీసు కోయు తలంపును అతడు విడిచెను. అంతటితో ఊరకుండక, 2021నాటి నిబంధనలనుగూడ చూపితిని. ఏబది యేండ్లు దాటి, మూలరూపములో నుండి, పెద్ద మార్పులు పొందని బండ్లను అవి వింటేజి వాహనములుగా గుర్తించుచున్నవి. అతడు వాటిని చివరివరకు చదివి, "అట్టి బండిని ప్రదర్శనలకూ ర్యాలీలకూ తప్ప రోజూ నడపకూడదట, బాబాయిగారూ!" అనెను. మూలరూపమును కాపాడినందుకు ఫలము, పని మాని కూర్చుండుటయన్నమాట. చట్టము ఏది చేయరాదో చెప్పగలదు. ఏది చేయదగునో అది చెప్పజాలదు.

పిమ్మట అతడు బండి వెనుక నున్న ఇనుప క్యారియరును చూపెను. లెక్కల పుస్తకములును బియ్యపు మూటలును మోయుటకు నాయనగారు దానిని వెల్డింగు చేయించిరి. మా అమ్మగారు ప్రక్కకు తిరిగి కూర్చుండినప్పుడు కాళ్లు పెట్టుకొనుటకు ఒక ఇనుప కడ్డీని వంచి బిగించిరి. "తాతగారు మార్చలేదా? మీరు కోరే 1967నాటి బండి తాతగారిది కాదు. అది ఆయన చేతికి రాకముందటిది" అనెను. నాకు జవాబు దొరకలేదు. నాయనగారి జ్ఞాపకార్థమని చెప్పుచు, నాయనగారు చేసిన గుర్తులనే తీసివేయుటకు నేను సిద్ధపడితిని.

మూలము అనుదానిని మనమనుకొనునంత సులభముగా పట్టుకొనలేము. ఈ బండి వంశమునే చూడుడి. బుల్లెట్ ఇంగ్లండులో పుట్టినది. 1955లో అక్కడి కంపెనీయు మద్రాసు మోటార్సువారును కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియాను స్థాపించిరి. 1970 ప్రాంతమున ఇంగ్లండులోని తయారీ ఆగిపోయెను, మద్రాసులోనిది ఆగలేదు. 1977లో మన బుల్లెట్లు తిరిగి ఇంగ్లండునకే ఎగుమతి కాసాగెను. మూలమంతరించి అనువాదము నిలిచినట్లయినది. ప్రాచీన ఏథెన్సువారు థీసియస్ ఓడను కాపాడుచు, పుచ్చిన పలకలను ఒక్కొక్కటిగా మార్చిరనియు, అది పాత ఓడయా కాదా యని తత్త్వవేత్తలు వాదించిరనియు ప్లూటార్కు వ్రాసెను. ఎజ్రా గ్రంథములోనైతే, క్రొత్త దేవాలయమునకు పునాది వేసినప్పుడు, మొదటి మందిరమును చూచిన వృద్ధులు ఏడ్చిరి, ఇతరులు సంతోషముతో కేకలు వేసిరి. ఏది ఏడ్పో ఏది సంతోషమో వినువారికి తెలియలేదు. ఆ కన్నీరు తప్పు కాదు. ఆ కన్నీటినిబట్టి కట్టుట మానియుండినయెడల తప్పయ్యెడిది.

అట్లని నచ్చినట్లు మార్చుటయే సరియని చెప్పజాలను. నాయనగారి మార్పులు మోయవలసిన బరువునుబట్టి, కూర్చుండవలసిన మనిషినిబట్టి కలిగినవి. మా అబ్బాయి మొదట కోరిన మార్పులు చూచువారి కన్నులనుబట్టి కలిగినవి. వస్తువును పొరుగువానికి ఉపయోగపడునట్లు మార్చుట వేరు, నా ముఖము కనబడు అద్దముగా మార్చుట వేరు. ఈ మాట చెప్పినప్పుడు అతడు నవ్వి, "మరి మీరు దానిని మ్యూజియము చేస్తే అందులో కనబడేది ఎవరి ముఖము?" అనెను. అదియు న్యాయమైన ప్రశ్నయే.

ఇక చెప్పుటకు కష్టమైన సంగతి. ట్యాంకు కుడిప్రక్కన పెద్ద సొట్ట యొకటి యున్నది. 1983లో, పందొమ్మిదేండ్ల ప్రాయమున, మా అన్నగారు నాయనగారిని అడుగకుండ బండి తీసికొని సుక్మాకు పోయి, రాత్రి తిరిగి వచ్చుచు కల్వర్టు గోడను గుద్దిరి. వెనుక కూర్చున్న మిత్రుని కాలు విరిగెను. నేటికిని అతడు కుంటుచునే నడచును. నా చదువునకై దాచిన సొమ్ము ఆ చికిత్సకు పోయెను. నేనొక సంవత్సరము బడి మానితిని. ఆ తరువాత చదివితిని, పెద్ద పట్టములును పొందితిని. గాని ఆ సంవత్సరమును మరువలేదు. అన్నగారితో మాటలాడకపోలేదు, మర్యాదగా మాటలాడితిని. మర్యాద ఎంత చల్లనిదై యుండగలదో అన్నదమ్ములకు తెలియును.

నాయనగారు ఆ సొట్టను తీయింపలేదు. అన్నగారి తప్పు అందరికి కనబడుటకే అట్లుంచిరని నేననుకొంటిని. కర్మాగారపు రూపము కావలెనని పట్టుపట్టిన నేను, సొట్ట మాట వచ్చినప్పుడు మాత్రము, "అది ఉండనీ, మీ తాతగారు ఉంచినది" అంటిని. రెండు వారములు పాక దరికి రాని అన్నగారు అప్పుడు గుమ్మములో నిలిచియుండిరి. ఆయన మెల్లగా, "నాన్నగారు ఉంచలేదురా. రెండుసార్లు తీయిస్తానన్నారు. నేనే వద్దన్నాను. పెట్రోలు పోసినప్పుడల్లా నా కంట పడాలని" అనిరి. ఆ మిత్రుని పొలమును ఏటేట దున్నించుచున్నది ఆయనయేయని అబ్బాయి తరువాత నాతో చెప్పెను.

నలువది సంవత్సరములు ఆ సొట్టను నాయనగారు అన్నగారిమీద వ్రాసిన తీర్పుగా చదివితిని. అది అన్నగారు తనకుతాను వ్రాసికొనిన ఒప్పుకోలు. పరభాషా గ్రంథములలో ఒక్క అక్షరము తప్పకుండ చూచుకొను నేను, నా యింటిలోని వ్రాతను తప్పుగా చదివితిని. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. మరునాడు ఆయన యొద్దకు పోయి క్షమాపణ వేడుకొని, సొట్టను ఏమి చేయమందురని అడిగితిని. "ఉండనీ. నీకోసం కాదు, నాకోసం" అనిరి. ఉంచితిమి. నేనుంచుమన్నదియు అదే, ఆయన ఉంచుమన్నదియు అదే; గాని ఆ రెంటికిని మధ్య ఎంత అగాధమున్నదో చూడుడి. ఒకని గాయపు మచ్చ ఉండవలెనా పోవలెనా యని చెప్పు హక్కు దానిని మోయువానిది.

క్రొత్త నిబంధన గ్రీకు మూలములో ఒక క్రియాపదమున్నది: కతర్తీజో. మార్కు సువార్త మొదటి అధ్యాయములో జెబెదయి కుమారులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేసికొనుటను ఆ మాటయే తెలుపును. గలతీయులకు వ్రాసిన పత్రిక ఆరవ అధ్యాయములో, తప్పితములో చిక్కుకొనిన సహోదరునికి చేయవలసిన పనినిగూర్చియు పౌలు ఆ మాటనే వాడెను. మన తెలుగు బైబిలులో ఈ రెండు చోట్ల రెండు వేరు మాటలున్నందున ఈ సంబంధము మనకు కనబడదు. జాలరి వలను ఎట్లు బాగుచేయును? కొన్న దినమున నున్నట్లు కనబడవలెనని ప్రయాసపడడు. ముళ్లు కనబడుచునే యుండును. అలంకారముగా మార్చి గోడకు వ్రేలాడదీయడు. మరల నీటిలోనికి పోవునట్లు చేయును. మనుష్యుని విషయములో పౌలు రెండు షరతులు చేర్చెను: సాత్వికముగా చేయవలెను, చేయువాడు తన్నుతాను చూచుకొనవలెను. నేను మొదటిదానిని బోధించితిని; రెండవదానిని మరచితిని.

కావున బాగుచేయుట అనగా వెనుకటి దినమునకు త్రిప్పుట కాదు. మన యిష్టము చొప్పున మలచుటయు కాదు. ఏ పనికొరకు అది కలిగెనో ఆ పనికి మరల సిద్ధపరచుట. దాని మీదనున్న ఇతరుల చేతి గుర్తులను గౌరవించుచు సిద్ధపరచుట. పాత బండికైనను, పాత ఆచారమునకైనను, పాత పగకైనను మూడు ప్రశ్నలు వేయవచ్చును: ఇది ఏ పనికి? దీనిమీద ఎవరి గుర్తులున్నవి? నేను చెరపబోవునది తుప్పా, గీతా?

బండి సిద్ధమైనది. క్యారియరును, అమ్మగారి కడ్డీని అట్లే ఉంచి బిగించితిమి. అబ్బాయి కోరిక ప్రకారము మెత్తని సీటును, ఘాటు చీకటిలో దారి చూపుటకు ఆరు వోల్టులకు బదులు పండ్రెండు వోల్టుల దీపమును అమర్చితిమి. చెరిగిన బంగారు గీతను మరల గీయింపలేదు. అది నా సొట్ట. కాగితముల పని ముగిసిన పిమ్మట అన్నగారే అబ్బాయికి నేర్పిరి: డీకంప్రెసరు నొక్కి, ఆమ్మీటరు ముల్లు నడుమకు వచ్చువరకు కిక్కును మెల్లగా దించి, అప్పుడు వదలి, ఒక్కసారి నిండుగా త్రొక్కవలెను, తొందరపడినవాని చీలమండను అది తిరిగి తన్నును. మూడవ త్రొక్కుకు ఇంజను పలికెను. ఆ వారపు సంతకు అన్నగారు దానిమీద పోయిరి. వెనుక ఆ పాత మిత్రుడు కూర్చుండెను.

ప్రియ చదువరీ, నీ యింటి పాకలోను ఏదో యొకటి గోనెసంచుల చాటున నుండవచ్చును. దానిని వెలికి తీయుము. గాని దానిమీది సొట్టకు నీవు ఇన్నాళ్లు చెప్పుకొనిన అర్థము సరియైనదో కాదో, మొదట దానిని మోసినవానిని అడుగుము.